సగం గుమ్మడికాయ మిగిలిందటగా, నోపి వండండి

పిల్లలూ,

ఇంట్లో సగం గుమ్మడికాయ మిగిలిపోయిందని, మీరేమో పులుసు వద్దంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అయితే నోపి వండండి. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్ళు గుమ్మడికాయతో కాచుకునే జావ అది. తాతయ్య ఉద్యోగం కోసం మేం హరారేలో ఉన్న రోజుల్లో పక్కింటి పెద్దావిడ నాకు నేర్పింది. ఆమెను అందరూ అంబుయా అని పిలిచేవారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థం.

బూడిద గుమ్మడికాయ దీనికి పనికిరాదు, తీపి గుమ్మడికాయే కావాలి. బాగా ముదిరిన కాయ అయితే చక్కెర అవసరమే పడదు. అరకిలో ముక్కలు చాలు. తొక్క మొండిది, నాన్న చేత తీయించుకోండి. రెండు గ్లాసుల నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టి మెత్తగా ఉడికించండి. నీళ్ళు పారబోయకుండా అందులోనే మెదిపేయండి.

తర్వాత అరకప్పు మొక్కజొన్న పిండి. షాపులో కార్న్‌ఫ్లోర్ పేరుతో ఇచ్చే తెల్లటి పొడి కాదు, గింజలు మర పట్టించిన పిండి. అక్కడ తెల్ల మొక్కజొన్న వాడతారు, మనకు దొరికే పసుపు పిండి అయినా బాగానే వస్తుంది. దాన్ని ముందు చన్నీళ్ళలో కలుపుకోవాలి, మనం రాగి జావకు కలుపుకున్నట్టే. పొడి పిండిని వేడి గుజ్జులో పోస్తే పైపొర చటుక్కున ఉడికి లోపలికి నీళ్ళు పోనివ్వదు, అందుకే ఉండలు కడుతుంది. కలిపిన పిండిని పోస్తూ తిప్పుతూనే ఉండండి. చిక్కబడ్డాక బుడగలు పగిలి చిమ్ముతుంది. ఆ చుక్క చేతి మీద పడితే అంటుకుని కాలుతుంది, జాగ్రత్త. మంట తగ్గించి, మూత పెట్టి, పావుగంట ఉంచండి. మధ్యమధ్యలో అడుగంటకుండా కలపండి. ఇక్కడ తొందరపడితే పచ్చి పిండి వాసన పోదు.

ఇక అసలు రుచి దోవిలో ఉంది. దోవి అంటే వేరుశెనగ ముద్ద. అంబుయా పల్లీలు దోరగా వేయించి, పొట్టు ఊదేసి, గుయో అనే పెద్ద రాయి మీద హుయో అనే చిన్న రాయితో నూరేది. మీరు మిక్సీలో వేసుకోండి. ముందు పొడి అవుతుంది, తర్వాత గిన్నె అంచులకు అతుక్కుని ముద్దగా మొరాయిస్తుంది. అప్పుడు నీళ్ళు పోయకండి. ఆపి ఆపి తిప్పితే పల్లీల్లోంచి నూనె ఊరి, తళతళలాడుతూ జారుగా వస్తుంది. మూడు చెంచాల దోవిని కాస్త వేడి జావతో పలచన చేసి చివర్లో కలపండి. స్నేహితులకు పెట్టేటట్టయితే పల్లీలు పడతాయో లేదో ముందే అడగండి. పడనివాళ్ళకు ఇది పెట్టవద్దు.

గుమ్మడి, మొక్కజొన్న, వేరుశెనగ మూడూ అమెరికా ఖండాల పంటలే. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తర్వాత ఓడలెక్కి ఆఫ్రికాకూ, మనకూ వచ్చాయి. షోనా రైతులు మొక్కజొన్న చేలోనే గుమ్మడి తీగలు పాకిస్తారు, లేత ఆకులు కూడా దోవి వేసి వండుకుంటారు. మొదటిసారి తిన్నప్పుడు, పల్లీ పచ్చడి లేనిదే రోజు గడవని నాకు అది పరాయి వంటలా అనిపించనే లేదు.

మిగిలిన నోపి పొద్దుటికి గట్టిపడుతుంది. కొంచెం వేడి నీళ్ళు పోసి సన్నమంట మీద కలిపితే మళ్ళీ జావవుతుంది. గింజలు పారేయకండి, కడిగి ఎండబెట్టి ఉంచండి. నేనొచ్చాక ఉప్పేసి వేయించుకుందాం.

మీ అమ్మమ్మ