డి విటమిన్ ఉంటే జలుబు రాదా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "కరోనా వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో పెద్దవాళ్లందరూ ఆదివారం ఆదివారం 60 వేల యూనిట్ల డి విటమిన్ మాత్ర వేసుకుంటున్నారు. అది వేసుకుంటే జలుబూ జ్వరాలూ దగ్గరికి రావట. నిజమేనా? మేమూ వేసుకోవాలా?" అని అడిగారు. ఒక్క ముక్కలో జవాబు రాసేయొచ్చు. కానీ అలా రాస్తే మీరు నన్ను నమ్మాలి, లేదా మానాలి. అంతకంటే సంగతేమిటో మీరే తెలుసుకుంటే మంచిది. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు వడ్ల గురించి చెప్పాలి. మా చిన్నతనంలో ఊళ్లో వడ్లు గాదెల్లో ఉండేవి. కొన్నాళ్లకు సరిపడా తీసి, రోట్లో పోసి ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లతో ఒకరి తర్వాత ఒకరు దంచేవారు. చేటలో పోసి చెరిగితే ఊక ఎగిరి పక్కన పడేది, తవుడు అంటిన బియ్యం చేటలో మిగిలేది. ఆ బియ్యం కుండకెత్తేవారు. అన్నం మాత్రం ఏ పూటకాపూట వండాల్సిందే. ఎండాకాలంలో పొద్దున వండింది సాయంత్రానికి పాచిపోయేది. వడ్లు నెలల తరబడి ఉంటాయి, బియ్యం కొన్ని వారాలకు సరిపోతుంది, అన్నం ఒక్క పూటే. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి.

మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకంవి, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, దానికి తగిలితే డి3 విటమిన్ తయారవుతుంది. ఇవి వడ్లు. మాత్రలో ఉండేదీ వడ్లే. ఒంట్లోని కొవ్వు వీటికి గాదె. కాలేయం వీటిని దంచి 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుస్తుంది. అది బియ్యం. రక్తంలో తిరుగుతూ ఉంటుంది, రెండు మూడు వారాలకు సగం ఖర్చవుతుంది. మూత్రపిండాలు దాన్ని వండి కాల్సిట్రయాల్ చేస్తాయి. అది అన్నం. కొన్ని గంటలే ఉంటుంది, కానీ ఆకలి తీర్చేది అదే. పేగుల్లోంచి కాల్షియం ఒంటికి పట్టేలా చేసి ఎముకలను గట్టిపరిచేదీ అదే. డాక్టరు రాసే రక్తపరీక్షలో కొలిచేది బియ్యాన్ని. అన్నం కొలిస్తే ఇంట్లో నిల్వ ఎంతుందో తెలియదు కదా.

చాలాకాలం వంటిల్లు ఒక్కటే అనుకున్నారు. 1981లో సార్కాయిడోసిస్ అనే జబ్బున్న ఒక రోగి గురించి అమెరికా డాక్టర్లు రాశారు. ఆయనకు మూత్రపిండాలు లేవు. అయినా రక్తంలో కాల్సిట్రయాల్ ఎక్కువగా ఉంది, కాల్షియం పెరిగిపోయింది. వంటిల్లు లేని ఇంట్లో అన్నం ఎక్కడిది? 1983లో అలాంటి రోగుల ఊపిరితిత్తుల్లోంచి మాక్రోఫేజ్ కణాలను తీసి పెంచి చూస్తే, అవే వండుతున్నాయని తేలింది. మాక్రోఫేజ్‌లు అంటే క్రిములను మింగే రక్షక కణాలు. వాటికి సొంత పొయ్యి ఉంది! ఆ జబ్బులో పొయ్యి ఆరడం లేదు, అందుకే కాల్షియం మితిమీరింది.

ఆ పొయ్యి ఎందుకుందో 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూపించారు. క్షయ క్రిమి ఆనవాలు తగలగానే మాక్రోఫేజ్ పొయ్యి వెలిగిస్తుంది. రక్తంలోంచి బియ్యం తీసుకుని తనకు కావలసినంత అన్నం వండుకుంటుంది. ఆ బలంతో కాథెలిసిడిన్ అనే చిన్న ప్రొటీన్ తయారుచేస్తుంది. అందులోంచి తెగి వచ్చే ముక్కలో ఉండేది 37 అమైనో ఆమ్లాలే, కానీ అది క్రిమి పొరకు చిల్లులు పెడుతుంది. డి విటమిన్ తక్కువగా ఉన్నవాళ్ల సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, ఉంచిన కణాలు ఆ ప్రొటీన్‌ను సరిగా చేయలేకపోయాయి. ఆ సీరంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి కలిపితే చేశాయి. పొయ్యి ఉండీ బియ్యం లేకపోతే ఏం లాభం? ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మీ ఊపిరితిత్తుల్లో ఈ క్షణాన కూడా అలాంటి పొయ్యిలు సిద్ధంగా ఉన్నాయి.

ఇక పరిశోధకులకు ఆశ పుట్టింది. క్షయ రోగుల్లో, న్యుమోనియా రోగుల్లో, తర్వాత కరోనా రోగుల్లో కొలిస్తే డి విటమిన్ తక్కువగా కనిపించింది. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి పిల్లలూ. బియ్యం తక్కువై జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి బియ్యం తగ్గిందా? మంచాన పడ్డవాడు ఎండకు రాడు. పైగా ఒంట్లో వాపు ఉన్నప్పుడు రక్తంలో ఈ కొలత దానంతటదే పడిపోతుంది. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చేయకూడదు. డి విటమిన్ విషయంలోనే కాదు, మీరు ఏం విన్నా ఈ ప్రశ్న వేసుకోండి.

తేల్చుకునే దారి ఒకటే. చాలామందిని తీసుకుని, చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు అసలు మాత్ర, ఇంకో జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్లిందో చివరిదాకా ఎవరికీ తెలియకూడదు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో సరిగ్గా అదే చేశారు. అక్కడ చలికాలం ఎంత కఠినమంటే బడిపిల్లల్లో నూటికి 95 మందికి పైగా బియ్యం మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపే ఉంది. మొత్తం 8,851 మంది పిల్లలు, మీ ఈడువాళ్లే, 6 నుంచి 13 ఏళ్లు. వారానికి 14,000 యూనిట్లు, మూడేళ్లపాటు. మాత్ర వేసుకున్నవాళ్ల నిల్వ సగటున 31కి పెరిగింది, వేసుకోనివాళ్లది 11 దగ్గరే ఉండిపోయింది. 2020లో ఫలితం వచ్చింది. క్షయ క్రిమి సోకిన వాళ్లు మాత్ర జట్టులో 3.6 శాతం, రెండో జట్టులో 3.3 శాతం. తేడా లేదు! గాజు గిన్నెలో అంత చక్కగా పనిచేసినది, పిల్లల ఒంట్లో క్షయ సోకకుండా ఆపలేకపోయింది. ఒంట్లో కణాలకు మరెన్నో ఆధారాలు ఉంటాయి, గిన్నెలో అవి ఉండవు.

జలుబు, ఫ్లూ సంగతి ఇంకోలా నడిచింది. 2010లో వెలువడిన ఒక పరిశోధనలో జపాన్ బడిపిల్లలకు చలికాలమంతా రోజూ 1,200 యూనిట్లు ఇస్తే, ఎ రకం ఫ్లూ 18.6 శాతం నుంచి 10.8 శాతానికి తగ్గింది. బి రకం ఫ్లూలో అలాంటి మేలు కనిపించలేదు. 2017లో ఇలాంటి 25 పరిశోధనలను కలిపి చూస్తే శ్వాసకోశ జబ్బులు కొంత తగ్గినట్టు వచ్చింది, ముఖ్యంగా నిల్వ బాగా తక్కువగా ఉన్నవాళ్లలో, రోజూ లేదా వారం వారం కొద్దికొద్దిగా తీసుకున్నవాళ్లలో. ఆ తర్వాత పెద్ద పెద్ద పరిశోధనలు వచ్చి చేరాయి. ఆస్ట్రేలియాలో 21 వేల మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నెలకోసారి 60,000 యూనిట్లు ఇచ్చినా జలుబులు వచ్చే అవకాశం తగ్గలేదు. 2025లో 64 వేల మంది లెక్కలు కలిపి మళ్లీ చూస్తే, మేలు ఉందో లేదో చెప్పలేనంత సన్నగా మిగిలింది. కడుపు నిండినవాడి ముందు ఇంకో మూట దించితే వాడు ఇంకో పిడికెడు ఎక్కువ తినడు కదా.

ఒకేసారి లారీడు వడ్లు దింపితే ఇంకో చిక్కు. శరీరం మిగులును పారబోసే ఎంజైమ్‌ను పెంచుతుంది. అది చాలారోజులు పెరిగే ఉండి అవసరమైనదాన్ని కూడా పారబోస్తుందని ఒక వివరణ. ఆస్ట్రేలియాలోనే ముసలి ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయి. ఒక్క ఇంజెక్షన్‌తో ఏడాది పని అయిపోతుందని ఎవరన్నా అంటే ఇది చెప్పండి.

మరి ఇప్పుడు పరిశోధన ఎటు పోతోంది? అన్నం క్రిములను చంపే కణాలకే కాదు, సొంత ఒంటి మీదే తిరగబడే కణాలను శాంతపరచడానికి కూడా పనికొస్తుందని ప్రయోగశాలలో కనిపించింది. అమెరికాలో 25,871 మంది పెద్దవాళ్ల మీద జరిగిన వైటల్ పరిశోధనలో రోజుకు 2,000 యూనిట్లు వేసుకున్న జట్టులో ఐదేళ్లలో కీళ్లవాతం, సోరియాసిస్ లాంటి స్వయంప్రతిరక్షక జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చాయి. వచ్చినవాళ్లు ఒక జట్టులో 123 మంది, రెండో జట్టులో 155 మంది. మాత్రలు ఆపేశాక రెండేళ్లలో ఆ మేలు కరిగిపోయింది. నాకైతే జలుబు కంటే ఈ దారిలోనే ఎక్కువ ఆశ కనిపిస్తోంది.

ఇక మీ ఇంటి సంగతి. 60,000 మాత్ర లోపం ఉన్నవాళ్లకు డాక్టరు కొన్ని వారాలకు రాసే మందు. అందులో ఉండే విటమిన్ బరువు ఒకటిన్నర మిల్లీగ్రామే. అంత చిన్నదని తేలిగ్గా తీసుకుని, వారానికొకటి వేసుకోవాల్సింది రోజూ వేసుకున్నవాళ్లు ఉన్నారు, ఏళ్ల తరబడి ఆపనివాళ్లు ఉన్నారు. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగి విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, పదేపదే మూత్రం మొదలవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గాదె నిండి ఉంటుంది కాబట్టి మాత్ర మానేసినా వెంటనే తగ్గదు. పెద్దవాళ్లతో మర్యాదగా చెప్పండి, చీటీ మీద ఎన్ని వారాలు రాశారో ఒకసారి చూడమనండి. మీకు రోజుకు కావలసింది 600 యూనిట్లని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కొంత ఎండ, విటమిన్లు కలిపారని తెలిపే ప్లస్ ఎఫ్ (+F) గుర్తున్న పాలూ నూనే, గుడ్డు పచ్చసొన, చేపలతో చాలా భాగం వస్తుంది. రాగులు, పెరుగు, నువ్వులు కూడా తినండి, కాల్షియం లేకపోతే అన్నం వండినా ప్రయోజనం తక్కువ.

ఎండ అన్నాను కదా, ఏ ఎండ? పసిబిడ్డకు నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెట్టడం మన అలవాటు. వెచ్చదనం మంచిదే, కానీ ఏడు గంటల ఎండలో బి రకం కిరణాలు దాదాపు ఉండవు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు వాటిని గాలి పొరలే మింగేస్తాయి. తిరుపతిలో పరిశోధకులు చర్మంలోని ఆ పదార్థాన్నే చిన్న గాజు గొట్టాల్లో పోసి గంట గంటకూ ఎండలో పెట్టి చూశారు. 11 నుంచి 2 దాకా బాగా మారింది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఏ గంటకైనా ఆ కిరణాలు రావు.

దీనికి గడియారం అక్కర్లేదు, నీడ చాలు. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ కిరణాలు బాగా దిగుతున్నట్టు. సంక్రాంతి సెలవుల్లో ఒక మీటరు కర్ర పెరట్లో పాతండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూసుకోండి, ఒరిగితే కొలత తప్పుతుంది. పొద్దున 8కి హైదరాబాదులో దాని నీడ నాలుగు మీటర్లకు దగ్గరగా ఉంటుంది, పన్నెండున్నరకు 80 సెంటీమీటర్లు. మళ్లీ ఉగాదికి కొలవండి, మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం కొలవండి. ఆ రోజు ఏం కనిపిస్తుందో నేను ముందే చెప్పను. మేలో మాత్రం కొలిచి వెంటనే నీడకు వచ్చేయండి, వడదెబ్బ తగులుతుంది. ఆ నెలల్లో తొమ్మిదిన్నరకే నీడ కర్ర కంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆటలు అప్పుడే ఆడుకోండి. తేదీ, గంట, నీడ పొడవు మూడు గళ్లుగా గీసి రాసి నాకు పంపండి. మబ్బు పట్టిన రోజులు కూడా రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య