భోలక్‌పూర్ తోళ్లు, బుడ్డర్‌ఖాన్ నవ్వులు

హైదరాబాద్‌లో ముషీరాబాద్ దగ్గరున్న భోలక్‌పూర్ తోళ్ల గోదాములను ఊరి బయటికి పంపాలన్న మాట ఏళ్లుగా లేస్తూనే ఉంది. 2009 మేలో అక్కడ కలుషితమైన నల్లా నీళ్లు తాగి పలువురు చనిపోయారు, ఇంకెంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పట్నుంచి ఆ పేట పేరు ఎత్తితే చాలామందికి కంపు, జబ్బులే గుర్తొస్తున్నాయి. అక్కడి జనానికి మంచినీళ్లు, డ్రైనేజీ కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఈ పని చేసినవాళ్లు ఎక్కడ్నుంచి వచ్చారో, ఎలా బతికారో కూడా చెప్పుకోవాలి.

తెలంగాణ పల్లెల్లో తోలుపని మాదిగలది. ఊరి చివర లంద, అంటే తోళ్లు శుద్ధి చేసే చోటు, ఉండేది. తోలును సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, సంచిలా కుట్టి, దాని నిండా తంగేడు చెక్క నానిన నీళ్లు పోసి వేలాడగట్టేవాళ్లు. కిందికి కారిన నీళ్లను పట్టి మళ్లీ అందులోనే పోసేవాళ్లు. రోజుల తరబడి సాగే చాకిరీ అది. చెప్పులు, ఎడ్ల పట్టెడలు, బావిలో నీళ్లు తోడే మోటకు తొండం, అన్నీ ఆ తోలుతోనే. డప్పూ అంతే. చెక్క చట్రానికి చింతగింజల జిగురు పూసి, తోలు లాగి బిగించి, మంట దగ్గర కాచి, సిర్రా సిటికెన పుల్లా పట్టుకుని ఆ రెండు కర్రలతో వాయిస్తే ఊరంతా వినిపించేది. ఊరి వ్యవసాయమంతా ఈ చేతుల మీద నడిచింది. ఆ చేతులను మాత్రం ఊరు దూరం పెట్టింది.

కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక కుట్టుపని పోయింది. క్రోమియంతో తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలు లందలను మింగేశాయి. 1973లో ప్రభుత్వం లిడ్‌క్యాప్ అనే తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ పెట్టింది, పల్లె లందలకు మాత్రం దాంతో పెద్దగా ఒరిగింది లేదు. పని పోయినవాళ్లలో చాలామంది పట్నం దారి పట్టారు. ముషీరాబాద్ చుట్టుపక్కల అప్పటికే ఆజామాబాద్ కార్ఖానాలు, సిగరెట్ ఫ్యాక్టరీ, డీబీఆర్ బట్టల మిల్లు ఉండటంతో అదంతా కార్మికుల పేటే. పచ్చి తోళ్లకు ఉప్పు పట్టించి తమిళనాడు వైపు పంపే భోలక్‌పూర్ గోదాముల్లో ముస్లింలు, దళితులు పక్కపక్కనే పనిచేశారు.

వీళ్ల కష్టం గురించి కొందరైనా రాశారు. వీళ్ల నవ్వు గురించి రాసినవాళ్లు తక్కువ. మాదిగ ఇళ్లను ఆశ్రయించి బతికిన చిందు కళాకారులు మాదిగల పుట్టుక కథ అయిన జాంబపురాణం ఆడేవాళ్లు. పురాణం మధ్యలో నవ్వించే పాత్ర బుడ్డర్‌ఖాన్ దూరితే పొద్దంతా ఒళ్లు హూనమైనవాళ్లు కూడా పగలబడి నవ్వేవాళ్లు. పట్నంలో దక్నీ (ఇక్కడి ఉర్దూ) హాస్యానిది ఇంకో దారి. 1962లో జిందా దిలాన్-ఎ-హైదరాబాద్ అనే హాస్య రచయితల సంఘం పుట్టింది. 1965లో బబ్బన్ ఖాన్ 'అద్రక్ కే పంజే' నాటకం మొదలుపెట్టాడు. చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మం దగ్గర అప్పులవాళ్లు, అదే కథ. దశాబ్దాల పాటు ఆడింది. చూసినవాళ్లకు అది తమ ఇంటి గోసే కదా! ఆ నవ్వులో పేదవాణ్ని వెక్కిరించడం లేదు. వాణ్ని నలిపే కరువును పట్టుకుని ఉతికారు.

సినిమా వేరే పని చేసింది. ఇదే జనం మాట్లాడే యాసను ఏళ్ల తరబడి రౌడీకీ జోకర్‌కీ అంటగట్టింది. నన్ను అడిగితే తోలు వాసనను ఈసడించినదానికంటే ఇదే పెద్ద అవమానం. చాలాకాలానికి టీవీలో 'తీన్మార్ వార్తలు' కార్యక్రమంలో బిత్తిరి సత్తి అదే యాసలో నాయకులను ప్రశ్నిస్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే, చాలా ఆలస్యంగా వచ్చిన సంతోషం.

ఇప్పుడు తోళ్ల ధర బాగా పడిపోయింది. బక్రీద్ తర్వాత కొనేవాడు లేక తోళ్లు పారేసిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పరిస్థితిలో గోదాములు తరలిస్తే యజమాని కొత్త చోట షెడ్డు వేసుకుంటాడు. ఉప్పు పట్టించే కూలీ రోజూ అంత దూరం ఎలా వెళ్లాలి, పిల్లల బడి ఏమవ్వాలి, ఈ రెండూ తరలింపు కాగితం మీద సంతకం పెట్టకముందే తేలాలి.