శవం ఉంది, భయం లేదు: వంటింటి మిస్టరీల మీద అపోహలు, వాస్తవాలు

"హత్యల పుస్తకమా? వద్దన్నా, మా అమ్మకి అసలే బీపీ."

నల్లకుంటలోని నా అద్దె పుస్తకాల షాపులో ఈ మాట వినపడని వారం ఉండదు. నేను చేతికిచ్చేది కోజీ మిస్టరీ, అంటే నెత్తురు చిందకుండా సరదాగా సాగే అపరాధ పరిశోధన నవల. వంటింటి మిస్టరీలు ఆ కోవలోవే. అట్ట మీద కేకు, పక్కన పిల్లి, కేకులో దిగబడిన కత్తి. ఆ కత్తి కంటపడగానే పుస్తకం మళ్ళీ అరలోకి వెళ్ళిపోతుంది. ఆ అమ్మగారేమో ఇంట్లో రాత్రి పదిన్నరకి టీవీలో నేర వార్తలు చూస్తూ కూర్చుంటారు. ఎర్రెర్రటి గ్రాఫిక్సు, దడ పుట్టించే మ్యూజిక్కు, నిజంగా పోయిన మనిషి ఇంటి గుమ్మం, ఏడుస్తున్న వాళ్ళ మొహం ముందు మైకు. దానికి పెరగని బీపీ కేకు పుస్తకానికి పెరుగుతుందట!

మిగతా అపోహల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి. ఎందుకంటే ఈ భయం వల్ల పుస్తకానికి దూరమయ్యేది ఎవరో కాదు, అది ఎక్కువగా పనికొచ్చేవాళ్ళే. నిద్ర పట్టక దొర్లేవాళ్ళు, ఆసుపత్రి కారిడార్లో కుర్చీ వదిలి కదలలేనివాళ్ళు, పిల్లలు అమెరికా వెళ్ళాక ఇల్లు బోసిపోయినవాళ్ళు, ఒకప్పుడు వారపత్రికల సీరియళ్ళు ఆవురావురుమని చదివి ఇప్పుడు రెండు పేజీలు కూడా ముందుకు సాగక తమని తామే తిట్టుకుంటున్నవాళ్ళు.

కోజీ మిస్టరీలో హత్య మన కళ్ళ ముందు జరగదు. శవం దొరుకుతుంది, కానీ గాయాల వర్ణన ఉండదు. పోయినవాడు చాలాసార్లు ఊరందరితో తగాదాలు పెట్టుకున్నవాడే అయి ఉంటాడు కాబట్టి మనం పెద్దగా కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. బూతులుండవు. పడకగది తలుపు దగ్గరే రచయిత ఆగిపోతారు. పిల్లికీ కుక్కకీ ఏమీ కాదు. ఆ రాయని నియమం దాటిన రచయితని పాఠకులు అంత తేలిగ్గా వదలరు. ఇదంతా నా సరుకు అమ్ముకోడానికి చెబుతున్నది కాదు. అమెరికాలో ఈ కోవ నవలలకి ఏటా అగాథా అవార్డులు ఇస్తారు. మితిమీరిన రక్తపాతం, అనవసరమైన హింస లేని కథలకే ఆ అవార్డు. గెలిచినవాళ్ళకి ఇచ్చేది టీపాట్!

పైగా పరిశోధించేది పోలీసు కాదు, వంట చేసే మనిషి. మన కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ వృత్తి డిటెక్టివ్. సమస్య ఉన్నవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. ఇక్కడ అలా కాదు. 1982లో అమెరికన్ రచయిత్రి వర్జీనియా రిచ్ వంట తెలిసిన ఒక పెద్దావిడని పరిశోధనలోకి దింపింది. 1990లో డయాన్ మాట్ డేవిడ్‌సన్ కేటరింగ్ చేసుకునే గోల్డీని తెచ్చింది. 2000లో జోయాన్ ఫ్లూక్, మినసోటాలోని ఓ చిన్న ఊళ్ళో బేకరీ నడిపే హానా స్వెన్సన్‌తో మొదలుపెట్టింది. బేకరీకి రాని మనిషి ఊళ్ళో ఉండడు. వచ్చినవాడు బిస్కెట్టు కొని ఊరుకోడు, నాలుగు మాటలు చెప్పి పోతాడు. ఇన్‌స్పెక్టర్ అడిగితే నోరు విప్పనివాళ్ళు కూడా కేటరింగావిడ దగ్గర అన్నీ కక్కేస్తారు. మన పెళ్ళిళ్ళలో వంటవాళ్ళకి తెలియని రహస్యం ఏదైనా ఉందా?

ఓ రిటైర్డ్ లెక్కల టీచరమ్మ ఉన్నారు. మోకాలి ఆపరేషనై మంచం మీద ఉంటే కొడుకు వచ్చి "ఏదైనా భక్తి పుస్తకం ఇవ్వండి" అన్నాడు. భక్తి పుస్తకంతో పాటు ఒక కోజీ కూడా సంచిలో వేశాను. భక్తి పుస్తకం మడత నలగకుండా తిరిగొచ్చింది. రెండోదాని చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో పెద్ద పట్టిక: ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకి, సాక్ష్యం ఎవరు. ఒక పేరు చుట్టూ సున్నా. అద్దె పుస్తకంలో రాయకూడదనేది మా రూలు, అయినా ఆ పట్టిక చెరపడానికి నాకు మనసొప్పలేదు. తర్వాత తీసుకెళ్ళినాయన మాత్రం వచ్చి గొడవపెట్టుకున్నాడు. హంతకుడి పేరు ముందే తెలిసిపోయిందని కాదు. టీచరమ్మ సున్నా చుట్టింది తప్పు మనిషికి. ఆ సున్నాని నమ్మి ఈయన నవలంతా అమాయకుణ్ణి అనుమానించాడు.

అలాగని ఇవి అందరికీ, అన్ని వేళలా సరిపడతాయని నేననను. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా హఠాత్తుగా పోతే, ఎంత సరదా పుస్తకమైనా నేనే వద్దంటాను. అలాంటప్పుడు పేజీలో చావు అన్న మాట చాలు గుచ్చుకోడానికి. ఇంకోవైపు, ఇవి రోజూ ఓ గంట చదివితే డిప్రెషన్ పోతుంది, మాత్రలు మానేయొచ్చు అని వాట్సాప్‌లో పంపేవాళ్ళున్నారు. దయచేసి ఆపండి. డాక్టరు రాసిన మందు డాక్టరు చెప్పేదాకా వేసుకోవాలి. పుస్తకం పుస్తకమే.

"కామెడీ ఉంటే అది అసలు మిస్టరీయే కాదు" అన్నది రెండో అపోహ. ఇది ఎక్కువగా మా షాపుకొచ్చే సీరియస్ పాఠకుల నోట వింటాను. చదివే ఉంటారు, జాగ్రత్తగా చదివి ఉండరు. క్లూని పాఠకుడి కళ్ళ ముందే పెట్టాలి, డిటెక్టివ్ దాచుకోకూడదు అని ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే తన పది సూత్రాల్లో రాశాడు. కళ్ళ ముందు పెట్టాలి, కంట పడకూడదు. ఎలా? నవ్వించి. నేను చెప్పే ఉదాహరణ ఏ పుస్తకంలోదీ కాదు, షాపులో కూర్చుని అల్లినది.

మే నెల. విద్యానగర్‌లో ఒక టిఫిన్ సెంటర్. రాత్రి తొమ్మిదింటికి హత్య. ఆ టైంకి ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బుతున్నానంటాడు ఓనరు. పొద్దున్న ఆరింటికి పాల ప్యాకెట్ కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు గిన్నెలోకి తొంగిచూసి, "ఏం నాయనా, ఇవాళ ఇడ్లీలా, క్యారమ్ బోర్డు స్ట్రైకర్లా?" అంటుంది. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. తీరా చూస్తే క్లూ అక్కడే ఉంది. హైదరాబాద్ మే వేడికి రాత్రి తొమ్మిదికి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె అంచు దాటాలి. దాటలేదంటే రుబ్బింది తెల్లవారుజామున. మరి తొమ్మిదింటికి అయ్యగారు ఎక్కడున్నట్టు? ఇదే కథని డిసెంబర్‌లో పెడితే మొత్తం చెడుతుంది, చలికి పిండి ఎలాగూ పొంగదు. వంట తెలిసినవాళ్ళే రాయగల మిస్టరీ ఇది. పట్టుకోవడంలోనూ వంట చేసేవాళ్ళదే పైచేయి.

"ఆడవాళ్ళ పుస్తకాలు." ఈ మాట అన్న మగవాళ్ళే భార్య పేరు మీద తీసుకెళ్ళి మర్నాడు కథ నాతో చర్చిస్తారు. ఇంతకన్నా చెప్పను.

"ఇవి చదివి విషం పెట్టడం నేర్చుకుంటారు." అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది, ఆమె కథల్లో విషాల సంగతులు అంత పక్కాగా ఉండటానికి అదో కారణం. ఇప్పటి వంటింటి కోజీలు దానికి ఆమడ దూరం. కేకులో ఉప్పెంతో పావు చెంచాతో సహా చెబుతారు, విషమెంతో చెప్పరు.

"వంటకాలు పేజీలు నింపడానికి." చాలామటుకు చేసుకోదగ్గవే, కాకపోతే కొలతలు అమెరికావి. ఒకామె ఫోన్ చేసి, "పుస్తకంలో 350 డిగ్రీలని ఉంది, మా ఓవెన్ 250తో ఆగిపోతుంది, తప్పు అచ్చయిందా?" అని అడిగారు. అది ఫారెన్‌హీట్. మన లెక్కలో సుమారు 175. ఒక స్టిక్ వెన్న అంటే 113 గ్రాములు. గుడ్డు తినని ఇంట్లో ఆ వంటకాల జోలికి పోకపోవడమే మంచిది, కథ చదువుకోండి చాలు.

ఇంగ్లీషు కష్టమేమో అని జంకేవాళ్ళకి: మనుషులు మాట్లాడుకునే ఇంగ్లీషే ఎక్కువ. పేపర్ చదవగలిగితే ఇదీ చదవగలరు. అర్థం కాని మాట తగిలినప్పుడల్లా డిక్షనరీ తీయకండి, నాలుగు పేజీల్లో ఆ మాటే మళ్ళీ వస్తుంది.

చివరిది, మొదటి భాగం నుంచి వరుసగా చదవాలన్న పట్టుదల. దీనికోసం మొత్తం సెట్టు ఆన్‌లైన్‌లో కొని, రెండో పుస్తకం దగ్గరే ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. హత్య ఏ పుస్తకంలోది ఆ పుస్తకంలోనే తేలిపోతుంది. కథానాయిక ఎవరిని పెళ్ళాడుతుందన్నది మాత్రమే వరుసగా సాగుతుంది, అదీ ఓ పట్టాన తేలదు. కాబట్టి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏడో భాగం ఒక్కటే దొరికినా నిస్సంకోచంగా తీసుకోండి. డబ్బులిచ్చే ముందు మాత్రం వంటకాల పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూడండి. కేకు కోసం చించుకుపోయేవాళ్ళకి ఆ కాగితం వెనకవైపు హంతకుడు ఒప్పుకుంటున్న సంగతి పట్టదు.