రొమేరో ఫైలు రోమ్‌లో ఎందుకు ఆగింది?

2018 అక్టోబర్ 14న వాటికన్‌లో దివ్యపూజ చేస్తున్నప్పుడు పోప్ ఫ్రాన్సిస్ నడుముకు కట్టుకున్న తాడు ఆయనది కాదు. దాని మీద రక్తపు మరక ఉంది. 1980 మార్చి 24 సాయంత్రం శాన్ సాల్వడార్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్రార్థనాలయంలో, పూజ చేస్తూనే తూటాకు బలైన ఆర్చిబిషప్ ఓస్కార్ రొమేరో తాడు అది. ఆ అక్టోబర్ రోజున రొమేరోను పునీతుడిగా, అంటే సెయింట్‌గా, ప్రకటించారు.

చనిపోయిన 38 ఏళ్లకు. ఇంగ్లండులో 1170లో సొంత కెథడ్రల్‌లోనే కత్తులకు బలైన ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను మూడేళ్లలోపే పునీతుణ్ణి చేశారు. కబురు గుర్రం మీద వెళ్లే కాలమది. విమానాలు తిరిగే కాలంలో రొమేరో ఫైలు ఎందుకంత ఆలస్యమైందంటే, ఆయన బతుకు మీద అనుమానం కన్నా ఆయన్ని చంపినవాళ్లను ఏమని పిలవాలన్న ఇబ్బందే ఎక్కువ కారణం.

రొమేరో 1917లో ఎల్ సాల్వడార్ తూర్పు కొండల్లోని సియుదాద్ బారియోస్‌లో పుట్టారు. కుర్రతనంలో కొన్నాళ్లు వడ్రంగం నేర్చుకున్నారు. 1942లో రోమ్‌లో గురుపట్టాభిషేకం అయింది, అంటే క్యాథలిక్ ప్రీస్టు అయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన పద్ధతి తప్పని, పుస్తకాలతో కాలం గడిపే, కాస్త భయస్తుడైన గురువు. పేదల పక్షాన చర్చి నిలబడాలన్న కొత్త గాలి లాటిన్ అమెరికాలో వీస్తుంటే దాన్ని అనుమానంగానే చూశారు. సంప్రదాయవాదులకు దగ్గరివాడైన 'ఓపుస్ దేయి' అనే క్యాథలిక్ సంస్థ వ్యవస్థాపకుడు ఎస్క్రివాను పునీతుణ్ణి చేయాలని 1975లో పోప్‌కు ఉత్తరం రాసినవాళ్లలో ఆయనా ఉన్నారు. ఆ ఎస్క్రివా 2002లోనే పునీతుడయ్యారు, ఉత్తరం రాసిన ఈయన ఫైలు మాత్రం అప్పటికి కదల్లేదు.

అదే 1975లో, సాంతియాగో దె మరియా మేత్రాసనానికి (ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతానికి) ఆయన బిషప్‌గా ఉండగా, త్రెస్ కాయెస్ అనే ఊళ్లో నేషనల్ గార్డు సైనికులు రైతుల్ని చంపారు. రొమేరో ఆ కుటుంబాలను ఓదార్చి, దేశాధ్యక్షుడికి ఉత్తరం రాశారు. కానీ అది బహిరంగ లేఖ కాదు. పెద్దలకు మర్యాదగా చెబితే వింటారని ఇంకా నమ్ముతున్న రోజులవి. 1977 ఫిబ్రవరిలో ఆయన్ని శాన్ సాల్వడార్ ఆర్చిబిషప్‌గా నియమిస్తే భూస్వాములు ఊపిరి పీల్చుకున్నారు, పల్లెల్లో పనిచేస్తున్న గురువులు నీరుగారిపోయారు.

నెల తిరక్కుండానే, మార్చి 12న, ఆయన స్నేహితుడైన జెస్విట్ అనే క్యాథలిక్ సభకు చెందిన గురువు రుతీలియో గ్రాందేను దారికాచి కాల్చి చంపారు. ఆయనతో పాటు కారులో ఉన్న ఒక ముసలాయన, ఒక కుర్రాడు కూడా పోయారు. చెరకు తోటల కూలీలను కూడగట్టడమే ఫాదర్ గ్రాందే చేసిన నేరం. మార్చి 20 ఆదివారం రొమేరో తన మేత్రాసనం మొత్తంలో పూజలన్నీ ఆపించి, కెథడ్రల్‌లో ఒకే ఒక్క పూజ పెట్టారు. వాటికన్ రాయబారి వద్దన్నా వినలేదు. లక్షమంది దాకా వచ్చారని చెబుతారు. హత్యపై దర్యాప్తు జరిగేదాకా ప్రభుత్వ వేడుకలకు రానన్నారు, ఆ దర్యాప్తు జరగనే లేదు.

అక్కడి నుంచి మూడేళ్లు ఆయన ఆదివారం ప్రసంగాలు వైఎస్ఎఎక్స్ అనే చర్చి రేడియోలో దేశమంతా వినేది. వారంలో ఎవరు చనిపోయారు, ఎవరు మాయమయ్యారు, ఎవర్ని సైనికులు పట్టుకుపోయారు అన్నది పేర్లతో సహా చదివేవారు. పత్రికలు రాయని వార్తలవి. ఆ స్టేషన్‌కు బాంబులు పెట్టారు, బాగుచేసి మళ్లీ నడిపారు. సాటి బిషప్పుల్లో దాదాపు అందరూ ఆయనకు ఎదురు తిరిగారు. రోమ్‌కు ఫిర్యాదులు వెళ్లాయి. 1979లో పోప్ జాన్‌పాల్ 2ను కలిసి, ప్రభుత్వంతో సర్దుకుపోవాలన్న సలహాతో నిరాశగా తిరిగొచ్చినట్టు ఆయన డైరీలోనే ఉంది.

1980 ఫిబ్రవరిలో, మీ సైనిక సాయం మా జనాన్ని అణచడానికే వాడతారు, పంపొద్దు అంటూ అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు లేఖ రాశారు. మార్చి 23 ఆదివారం ప్రసంగంలో నేరుగా సైనికులతో మాట్లాడారు: మీరు చంపుతున్న రైతులు మీ అన్నదమ్ములే, దేవుడి ఆజ్ఞకు విరుద్ధమైన ఉత్తర్వును ఏ సైనికుడూ పాటించనక్కర్లేదు, అణచివేత ఆపండి, ఇది నా ఆజ్ఞ. మర్నాడు సాయంత్రం, ఆయన ఉపదేశం ముగించగానే, తలుపు దగ్గర్నుంచి ఒక్క తూటా వచ్చింది. మార్చి 30న అంత్యక్రియలకు వచ్చిన జనం మీద కూడా బాంబులు, కాల్పులు. ఆ వెనకే వచ్చిన అంతర్యుద్ధం 1992 దాకా సాగి సుమారు 75 వేలమందిని మింగింది.

ఇక ఫైలు సంగతి. ఒకరిని పునీతుణ్ణి చేసే దారిలో ముఖ్యమైన మెట్లున్నాయి: దైవ సేవకుడు, ధన్యుడు, పునీతుడు. మామూలుగా ధన్యుడనడానికి ఒక అద్భుతం రుజువు కావాలి. వేదసాక్షికైతే, అంటే విశ్వాసం కోసం ప్రాణం పోగొట్టుకున్నవారికైతే, ఆ మెట్టు దగ్గర అద్భుతం అడగరు. అయితే వేదసాక్షి అనిపించుకోవాలంటే చంపినవాడు 'విశ్వాసం మీద ద్వేషంతో' చంపి ఉండాలి. రోమన్ చక్రవర్తుల కాలానికి ఈ నిర్వచనం సరిపోయింది. ఎల్ సాల్వడార్‌లో చంపించినవాళ్లూ బాప్తిస్మం పొందినవాళ్లే, కమ్యూనిజం నుంచి క్రైస్తవాన్ని కాపాడుతున్నామని చెప్పుకున్నవాళ్లే. కాబట్టి ఇది రాజకీయ హత్య, విశ్వాసానికి సంబంధం లేదు అన్నది ఒక పక్షం వాదన. పేదవాణ్ణి చంపొద్దని చెప్పడం క్రీస్తు బోధలో భాగమే అయితే, ఆ మాట అన్నందుకు చంపడం విశ్వాసం మీద ద్వేషం కాక మరేమిటి అన్నది రెండో పక్షం. నా మట్టుకు నాకు రెండోదే సూటిగా కనిపిస్తుంది. కానీ దాన్ని ఒప్పుకుంటే, ఒక క్యాథలిక్ దేశంలో క్యాథలిక్కులే తమ ఆర్చిబిషప్‌ను విశ్వాసం మీద ద్వేషంతో చంపారని రోమ్ సంతకం పెట్టాలి. అదే మింగుడుపడలేదు.

దీనికి దేశ రాజకీయం తోడైంది. 1993లో ఐక్యరాజ్యసమితి సత్య కమిషన్, హత్యకు ఆదేశమిచ్చింది మాజీ సైనికాధికారి రొబెర్టో డాబ్విసాన్ అని తేల్చింది. ఆయన అప్పటికే చనిపోయారు. ఆయన పెట్టిన అరెనా పార్టీ మాత్రం 1989 నుంచి 2009 దాకా అధికారంలో ఉంది. రొమేరోను పునీతుడంటే పాలకపక్షం వ్యవస్థాపకుణ్ణి వేదసాక్షిని చంపించినవాడు అన్నట్టే. మరోవైపు వామపక్షం రొమేరో బొమ్మను ప్రతి ఊరేగింపులో మోసేది. ఆయన్ని గౌరవిస్తే ఒక జెండాను గౌరవించినట్టు అవుతుందేమోనన్న టెన్షన్ వాటికన్‌ది.

శాన్ సాల్వడార్‌లో సేకరించిన సాక్ష్యాలు 1990ల మధ్యలో రోమ్‌కు చేరాయి. 1997లో 'దైవ సేవకుడు' అన్నారు. ఆ తర్వాత ఆయన ప్రసంగాలు, రాతలు అన్నీ సిద్ధాంత పరిశీలనకు వెళ్లాయి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాయి. తప్పేమీ దొరకలేదు, అయినా ఫైలు కదల్లేదు. ఈలోగా జనం 'సాన్ రొమేరో' అని పిలుచుకుంటూనే ఉన్నారు. 1998లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ తన గోడ మీద 20వ శతాబ్దపు వేదసాక్షుల విగ్రహాల్లో రొమేరోకు చోటిచ్చింది. అది ఆంగ్లికన్ చర్చి. సొంత చర్చి ఇంకా ఆలోచిస్తూ ఉంది! 2007లో బ్రెజిల్‌కు వెళ్తూ విమానంలో పోప్ బెనెడిక్ట్ 16, వ్యక్తిగా రొమేరో ధన్యుడనిపించుకోవడానికి అర్హుడే అని విలేకరులతో అన్నారు. వాటికన్ తర్వాత విడుదల చేసిన అధికారిక పాఠంలో ఆ వాక్యం లేదు. ఫైలు చుట్టూ ఎంత గుంజాటన జరిగిందో ఆ తీసివేత ఒక్కటే చెబుతుంది.

2012 చివర్లో అడ్డు తొలగించింది కూడా బెనెడిక్టే. మరుసటి ఏడాది మేలో, సిసిలీలో మాఫియా చంపిన ఫాదర్ పినో పుగ్లిసిని వేదసాక్షిగా ధన్యుణ్ణి చేశారు. అక్కడా చంపినవాళ్లు క్యాథలిక్కులే. చిక్కుముడి అక్కడే విడిపోయిందనిపిస్తుంది. 2015 ఫిబ్రవరి 3న పోప్ ఫ్రాన్సిస్, రొమేరోను విశ్వాసం మీద ద్వేషంతోనే చంపారని ఆమోదించారు. మే 23న శాన్ సాల్వడార్‌లో ధన్యుడిగా ప్రకటించారు. ఆ అక్టోబర్‌లో తనను చూడవచ్చిన సాల్వడార్ యాత్రికులతో, రొమేరో చనిపోయాక కూడా సాటి గురువులూ బిషప్పులే ఆయన్ని నాలుకలతో రాళ్లు వేసి కొట్టారని ఫ్రాన్సిస్ మొహమాటం లేకుండా చెప్పారు. కాన్పు తర్వాత ప్రాణం మీదికొచ్చిన ఒక సాల్వడార్ మహిళ కోలుకోవడాన్ని అద్భుతంగా ఒప్పుకోవడంతో 2018లో చివరి మెట్టు దాటింది.

కోర్టుల దారి వేరు. సత్య కమిషన్ నివేదిక వచ్చిన ఐదు రోజులకే, 1993 మార్చిలో, సాల్వడార్ శాసనసభ యుద్ధకాలపు నేరాలకు క్షమాభిక్ష చట్టం చేసింది. 2004లో అమెరికాలో ఒక సివిల్ దావాలో ఫెడరల్ కోర్టు, కుట్రలో పాల్గొన్న మాజీ కెప్టెన్ ఆల్వరో సరావియాను బాధ్యుడిగా తేల్చి కోటి డాలర్ల పరిహారం విధించింది. 2016లో సాల్వడార్ సుప్రీంకోర్టు క్షమాభిక్ష చట్టాన్ని కొట్టేశాక కేసు మళ్లీ తెరిచారు. పునీత ప్రకటన జరిగిన నెలలోనే సరావియాపై అరెస్టు వారంటు వెలువడింది. హత్య జరిగిన దేశంలో ఆ నేరానికి ఎవరికీ శిక్ష పడలేదు.