డిప్రెషన్ మాత్ర పనిచేయడానికి అన్ని వారాలెందుకు?

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఓపీ దగ్గర కాసేపు నిలబడితే కన్నడంతో పాటు తెలుగూ బాగానే వినిపిస్తుంది. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు ఎక్కువ. డిప్రెషన్‌కు మందులు మొదలుపెట్టిన ఇళ్లలో తరచూ వచ్చే మాట ఒకటుంది: "వారం నుంచి మింగుతానే ఉండా, ఏం తేడా కనపడ్లే."

న్యాయమైన అనుమానమే. ఎస్సిటలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు, సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని న్యూరాన్లు (నాడీకణాలు) వెనక్కి లాక్కోకుండా గంటల్లోనే అడ్డుకుంటాయి. మనసు తేలికపడడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సెరటోనిన్ తగ్గింది, మాత్రతో పెరిగింది అనే కథ చెప్పడానికి సులువే గానీ, ఈ ఆలస్యం దగ్గర చతికిలబడుతుంది.

మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లుంటే, ఇంచుమించు అన్నే వేరే కణాలూ ఉన్నాయి. వాటిలో నక్షత్రాల్లా కొమ్మలు చాచిన ఆస్ట్రోసైట్లు న్యూరాన్ల మధ్య మిగిలిపోయిన గ్లుటమేట్ అనే మరో సంకేత రసాయనాన్ని తీసేస్తాయి, వాటికి శక్తి అందిస్తాయి. 2008లో అమెరికాలో ఎలుకల మెదడు ముందుభాగంలో ఈ జాతి కణాలను ఒక రసాయనంతో దెబ్బతీశారు. ఎలుకలకు చక్కెర నీళ్ల మీద కూడా మోజు పోయింది, అంటే డిప్రెషన్ లాంటి లక్షణమే. అక్కడే న్యూరాన్లను దెబ్బతీస్తే అలా జరగలేదు!

షికాగోలో శాస్త్రవేత్త మార్క్ రాసెనిక్ బృందం ఇంకాస్త లోపలికి వెళ్లింది. కణం పొరలో, పాల మీద మీగడ తరకల్లా, కొవ్వు చిక్కగా ఉండే చోట్లుంటాయి. జీఎస్ అనే సంకేత ప్రోటీన్ వాటిలో ఇరుక్కుంటే సరిగా పనిచేయదు. డిప్రెషన్‌తో ఆత్మహత్య చేసుకున్నవారి మెదళ్లలో అది ఇలా ఇరుక్కోవడం ఎక్కువగా కనిపించింది. ఎలుక గ్లియా (ఆస్ట్రోసైట్ల జాతి కణాలు) కణితి నుంచి పెంచిన కణాలకు ఎస్సిటలోప్రామ్ ఇస్తే, మందు ఆ తరకల్లో నెమ్మదిగా పోగై, సుమారు మూడు రోజులకు ప్రోటీన్ బయటపడింది. విశేషమేమిటంటే, ఆ కణాలకు సెరటోనిన్‌ను లాక్కునే ద్వారమే లేదు.

గాజు పాత్రలోని ఎలుక కణాలు చూపించినదంతా రోగి మెదడులోనూ జరుగుతుందని చెప్పేయడం తొందరపాటు. అయినా ఒక సంగతి వదిలేయలేం. గంటల్లోనే మనసును తేలికపరచగల కెటమైన్ అనే మత్తుమందును అదే రకం కణాలకు ఇచ్చి చూశారు. ప్రోటీన్ కదలడానికి పదిహేను నిమిషాలే పట్టింది.