హాండెల్ ఖాళీగా వదిలిన చోట

1808 సెప్టెంబర్‌లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ థియేటర్ తగలబడింది. ఆ మంటల్లో ఒక ఆర్గన్, అంటే మీటలు నొక్కితే గొట్టాల్లో గాలి ఊది పలికే వాయిద్యం, కూడా బూడిదైంది. పద్దెనిమిదో శతాబ్దపు సంగీతకర్త హాండెల్ తన వీలునామాలో థియేటర్ నడిపిన జాన్ రిచ్‌కు రాసిచ్చిన వాయిద్యం అది.

హాండెల్ 1735 నుంచి తన ఒరటోరియోల (నటన లేకుండా పాడే పెద్ద గేయకథల) అంకాల మధ్య విరామంలో ఆర్గన్ ముందు కూర్చుని వాద్యబృందంతో కలిసి కాన్సర్టోలు, అంటే ఒక వాయిద్యాన్ని ముందుంచి బృందంతో వాయించే రచనలు, వాయించేవాడు. వాటిలో ఆరు 1738లో ఓపస్ 4గా (నాలుగో సంఖ్య సంపుటిగా) అచ్చయ్యాయి. ఆయన పోయిన రెండేళ్లకు, 1761లో, మరో ఆరు ఓపస్ 7గా వచ్చాయి. ఈ రెండో సంపుటిలో చాలాచోట్ల స్వరాలే ఉండవు. 'ఆడ్ లిబిటమ్', అంటే మీ ఇష్టం, అని ఒక్క మాట రాసి ఉంటుంది. చూపు పోయాక ఆయన ఆ ఖాళీలను మన విద్వాంసుల్లాగే మనోధర్మంతో అప్పటికప్పుడు నింపేవాడు. ఆయన వాయించి ముగింపు సూచన ఇచ్చేదాకా వాద్యబృందం కాచుకుని ఉండేది.

పాత రికార్డింగుల పునరుద్ధరణ గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ ఖాళీలే. ఒక ఆర్గనిస్టు అక్కడ తనకు తోచింది వాయించి, దాన్ని కాగితం మీద పెట్టకుండా వెళ్లిపోతే, అది మిగిలేది ఆ గ్రామఫోన్ ప్లేటులోనే. ఒక్కోసారి వాయిద్యం సంగతీ అంతే. ఆర్గనిస్టు, వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ 1935లో లండన్‌లో టవర్ పక్కనున్న ఆల్ హాలోస్ చర్చిలో బాఖ్ రచనలు రికార్డు చేశాడు. 1940లో ఆ చర్చి మీద బాంబులు పడ్డాయి. ఆ ఆర్గన్ ఎలా పలికేదో ఇప్పుడు చెప్పగలిగేది ఆ కాలపు ప్లేట్లే.

అసలు ఆర్గన్ రికార్డింగ్‌కు లొంగే వాయిద్యం కాదు. 1925కు ముందు రికార్డింగ్‌కు మైకులు సాధారణంగా వాడేవారు కాదు. బాకా లాంటి పెద్ద గొట్టం ముందు వాయిస్తే ఆ శబ్దపు బలంతోనే మైనం మీద గాడి పడాలి. గాయకుడు గొట్టానికి దగ్గరగా జరగగలడు, చర్చి గోడలో భాగమైన ఆర్గన్ ఎక్కడికి జరుగుతుంది? మైకులు వచ్చాకే అది నిజంగా రికార్డుకెక్కింది. అప్పుడు కూడా పన్నెండు అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే. అందుకే పెద్ద రచనలను ముక్కలుగా కోసి రికార్డు చేశారు. ఆ ముక్కలను అతుకు తెలియకుండా కలపడం ఇప్పుడు పునరుద్ధరించేవాళ్ల పని.

ఆ ప్లేట్లలో వాడిన లక్క చాలావరకు మన దేశం నుంచే వెళ్లింది. లక్కలో మెత్తటి రాతిపొడి కూడా కలిపేవారు. ఎందుకంటే సూది మోపే బరువును గాడి తట్టుకోవాలి, సూది అరిగి గాడికి సరిపోవాలి. మనకు వినిపించే గరగరకు ముఖ్య కారణం ఆ పొడే. అంటే అది తర్వాత పట్టిన మురికి కాదు, ప్లేటు పుట్టుకతోనే ఉంది. ఎంత కడిగినా పోదు.

తర్వాతి చిక్కు శ్రుతి. 78 అని పేరే గానీ, అప్పట్లో ప్లేట్లన్నీ సరిగ్గా ఆ వేగంతో రికార్డు కాలేదు. నిమిషానికి 78 చుట్లకు బదులు 82.6 తిప్పితే పాట అర స్వరం పైకి పోతుంది. ప్లేటు నడిమి రంధ్రం కాస్త పక్కకు ఉన్నా స్వరం ఊగుతుంది. వయొలిన్‌లో ఆ ఊపు గమకంలో కలిసిపోవచ్చు. ఆర్గన్‌లో అలా కుదరదు. నొక్కి పట్టిన హార్మోనియం మెట్టులా దాని స్వరం నిలకడగా ఉండాలి, వెంట్రుకవాసి కదిలినా చెవి పట్టేస్తుంది. టేపులు వచ్చాక పునరుద్ధరించేవాళ్లకు ఒక ఆధారం దొరికింది. రికార్డింగ్‌లో సన్నగా కలిసిన కరెంటు హోరు బ్రిటన్‌లో సెకనుకు 50 సైకిళ్లు, అమెరికాలో 60. అది ఎక్కడ ఊగిందో చూసి వేగాన్ని సరిచేయవచ్చు.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మాత్రం శుభ్రత మోజు. 1980ల్లో బ్రిటన్ నేషనల్ సౌండ్ ఆర్కైవ్‌తో మొదలైన పరిశోధన నుంచి కేంబ్రిడ్జ్‌లో సీడార్ సంస్థ పుట్టింది. చిటపటలను కంప్యూటర్‌తో తొలగించే విద్య అక్కడి నుంచి బాగా పాకింది. చిటపటలను తీయడం తేలికే, అవి సంగీతంలో భాగం కావు. బుసబుస అలా కాదు. ఆర్గన్ గాలితో పలికే వాయిద్యం. ప్రతి స్వరం మొదట్లో గొట్టం అంచున గాలి చిన్నగా 'ఛ్' అంటుంది. చిన్న గొట్టాల వరసలన్నీ తెరిస్తే పైస్థాయిలో మిలమిలలాడే ధ్వని వస్తుంది. యంత్రం ఈ రెండింటినీ రొదగానే లెక్కకడుతుంది. నాయిస్ మొత్తం తీసేసిన సీడీల్లో ఆర్గన్ దుప్పటి కప్పుకున్నట్టు వినిపించేది అందుకే. కింది స్థాయిలోనూ ఇదే గొడవ. పదహారు అడుగుల గొట్టం అట్టడుగు స్వరం సెకనుకు దాదాపు 33 కంపనాలు. ప్లేటు తిప్పే మోటారు గురగుర కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గురగురను కోస్తే గొట్టమూ పోతుంది.

ఇప్పుడు ఈ పని జోరందుకోవడానికి చట్టం కూడా ఒక కారణం. యూరప్‌లో రికార్డింగ్ హక్కుల గడువును 50 నుంచి 70 ఏళ్లకు పెంచినా, 1963కు ముందు విడుదలై అప్పటికే హక్కులు తీరిపోయినవి మళ్లీ రక్షణలోకి రాలేదు. అందుకే చిన్న సంస్థలు 1950ల ఎల్పీలను చేతిలోకి తీసుకోగలుగుతున్నాయి.

ఆ దశకం చివర్లోనే ఆర్గనిస్టు ఇ. పవర్ బిగ్స్, ఏడ్రియన్ బోల్ట్ నడిపిన లండన్ ఫిల్హార్మనిక్ వాద్యబృందంతో కలిసి హాండెల్ ఆర్గన్ కాన్సర్టోలను ఇంగ్లండ్‌లోని గ్రేట్ ప్యాకింగ్టన్ చర్చిలో వాయించాడు. హాండెల్ ఒరటోరియో 'మెస్సయ్య'కు పాఠం కూర్చిన చార్లెస్ జెనెన్స్ కోసం 1749లో హాండెల్ ఒక ఉత్తరంలో ఏ వరస గొట్టాలు పెట్టాలో చెప్పిన ఆర్గన్ అక్కడుంది. ఆ రికార్డింగును మళ్లీ ఎవరైనా శుభ్రం చేస్తే టేపు బుస కొంత మిగిలిపోయినా నాకు అభ్యంతరం లేదు. స్వరానికి ముందు వచ్చే ఆ 'ఛ్' మాత్రం వినిపించాలి.