కేకేసే యంత్రమా, కొట్టే యంత్రమా?

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో జరిగిన గొడవతో, శబ్దాన్ని ఒకే దిక్కుగా చాలా దూరం పంపే ఎల్‌రాడ్ (లాంగ్ రేంజ్ అకౌస్టిక్ డివైస్) మళ్లీ వార్తల్లోకొచ్చింది. 2025 మార్చి 15న, నోవీసాద్ రైల్వేస్టేషన్ ప్రమాద మృతుల కోసం జనం 15 నిమిషాల మౌనం పాటిస్తున్నారు. ఉన్నట్టుండి ఏదో దూసుకొస్తున్నట్టు శబ్దం వినిపించిందని, భయంతో రోడ్డుకు రెండు పక్కలకూ పరుగెత్తామని చాలామంది చెప్పారు. అది పోలీసులు ప్రయోగించిన ఎల్‌రాడ్ శబ్దమేనన్న ఆరోపణ వచ్చింది. సెర్బియా ప్రభుత్వం దాన్ని కొట్టిపారేసింది. తర్వాత పోలీసుల దగ్గర ఎల్‌రాడ్‌లు ఉన్న మాట నిజమే కానీ ఆ రోజు వాడలేదని హోంమంత్రి ఇవిట్సా దాచిచ్ ఒప్పుకున్నారు. తయారీ కంపెనీ జెనాసిస్ కూడా బయటికొచ్చిన ఆధారాలు తమ పరికరాన్ని చూపడం లేదంది.

ఈ పరికరాన్ని అమ్మేవాళ్లు దాన్ని ‘అకౌస్టిక్ హెయిలింగ్ డివైస్’ అంటారు. ఓడల వాళ్ల భాషలో హెయిల్ అంటే దూరంలో ఉన్న ఓడను కేకేసి పిలవడం. 2000లో ఏడెన్ రేవులో అమెరికా యుద్ధనౌక కోల్‌పై దాడి జరిగాక, దగ్గరికొస్తున్న పడవలను ముందే హెచ్చరించడానికి ఇది పుట్టింది. అక్కడి వరకు ఆ పేరుకు వంక పెట్టడానికేం లేదు. కానీ అదే డబ్బాలో రెండు పనులున్నాయి: మాటను దూరానికి మోయడం, చెవులు చిల్లులుపడే అలారం కొట్టడం. పేరు మొదటిదాన్నే చెబుతుంది.

2009లో పిట్స్‌బర్గ్ జీ-20 నిరసనల్లో అలారం జనం మీదికి తిరిగింది. అయితే అసలు మలుపు 2014 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో వచ్చింది. పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతీయుడు ఎరిక్ గార్నర్ కేసులో పోలీసుపై అభియోగం మోపకపోవడంతో జనం వీధుల్లోకొచ్చారు. రోడ్డు మీదున్నవాళ్లను ఫుట్‌పాత్ ఎక్కించడానికి పోలీసులు చేత్తో పట్టుకుని తిరగగల ఎల్‌రాడ్‌తో అలారం మోగించారు. మూడు నిమిషాల్లో 15 నుంచి 20 సార్లు, కొన్నిసార్లు పదడుగుల లోపు నుంచే మోగించారన్నది కోర్టుకెళ్లిన బాధితుల ఫిర్యాదు. ఆ మోడల్ గరిష్ఠంగా మీటరు దూరంలో 136 డెసిబెల్స్ ఇస్తుంది. తలనొప్పి, చెవుల్లో హోరు రోజుల తరబడి వదల్లేదని వాళ్లన్నారు.

ఇది మాట చేరవేసే సాధనమే, శబ్దం బలప్రయోగం ఎలా అవుతుందన్నది పోలీసుల వాదన. చెవికి క్షేమం కానంత శబ్దాన్ని ఈ యంత్రం పంపగలదని 2010లో వాళ్ల సొంత విభాగమే నివేదిక రాసుకుంది! 2018లో అమెరికా రెండో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ఫిర్యాదుదారుల వైపు నిలిచింది. గాయపరచగల శబ్దమూ బలప్రయోగమేనని, అది కొత్త సాధనం కావడం సాకు కాదని చెప్పింది. 2021లో కేసు రాజీ అయింది. అలారం టోన్ వాడబోమని న్యూయార్క్ పోలీసులు ఒప్పుకున్నారు. మాటకు మాత్రం వాడుకోవచ్చు.

బెల్‌గ్రేడ్ చర్చలో మాత్రం రెండూ ఒక్కటైపోయాయి. ‘ఎల్‌రాడ్ ఆయుధం కాదు’ అని ప్రభుత్వం అంటే, ఆ మాట పరికరం ఏ పనిలో ఉందన్నదాన్ని దాటేస్తోంది. రష్యా భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ నిపుణులను పిలిపించి, వాడలేదని చెప్పించడం ఎవరి అనుమానం తీర్చిందో తెలియదు. 2025 ఏప్రిల్‌లో యూరప్ మానవహక్కుల కోర్టు, ఆ రోజు ఏం జరిగిందో తేల్చకుండానే, జనాన్ని అదుపు చేయడానికి శబ్ద పరికరాలు వాడకుండా చూడాలని సెర్బియాకు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మామూలు వాడకాన్ని అందులోంచి మినహాయించింది.